ఎడమ చెవి వంకర కుట్టు

అనగనగా అంటే నిన్నా మొన్నా కాదు. మీ అవ్వకు అవ్వ పాలపళ్ళతో నవ్వే కాలం. ఒక ఎర్రమట్టి ఊళ్ళో ఓబులక్క అని ఒంటరి మనిషి ఉండేది. బొంతలు కుట్టి బతికేది. మిగిలిన పీలికలతో పిల్లలకు గుర్రాలు కుట్టేది. గుడ్డతో తల, లోపల కొర్ర పొట్టు, కింద వెదురు కర్ర. కాళ్ళ మధ్య పెట్టుకుంటే ఊరంతా సవారీ!

గుర్రం కావాలంటే ఒకటే షరతు. ఎడమ చెవికి గుడ్డ, ఏ ఇంటితో మాటల్లేవో ఆ ఇంటి నుంచే తేవాలి. పిల్లలు కాదు, పెద్దలే పోయి నోరు తెరిచి అడగాలి.

"ఎందుకమ్మా ఈ చోద్యం?"

"చెవి లేని గుర్రం మాట వినదు నాయనా," అనేది.

తిట్టుకుంటూ పోయేవాళ్ళు. తల వంచుకుని అడిగేవాళ్ళు. గుడ్డతో పాటు నాలుగు మాటలూ తెచ్చుకునేవాళ్ళు.

అందరి గుర్రాలకూ చెవులు కుట్టిన ఓబులక్క ఇంట్లో మాత్రం ఒక గుర్రం ఎడమ చెవి లేకుండా వాసానికి వేలాడేది.

ఆ సంగతి పక్క వీధిలో ఉండే ఆమె వదిన లింగమ్మకు తెలిసింది. ఆ ఇద్దరికీ మాటల్లేవు. ఎప్పుడో ఒక పెళ్ళిలో, పదిమందిలో, లింగమ్మ ఆమె కుట్టిన బొంత ఎత్తి చూపి, "ఎద్దు ఉచ్చ పోసినట్టుంది మా ఆడబిడ్డ కుట్టు!" అని నవ్వింది. ఓబులక్క కుట్టు దారం పట్టి గీసినంత సూటి. కోపం పెట్టుకోవడం తప్పంటారు కొందరు. అలాంటి మాటకు పెట్టుకోకపోతేనే తప్పు.

ఆ గుర్రానికి చెవేదీ? లింగమ్మకు నిద్ర పట్టలేదు. గాజులామెను పంపింది.

"ఎలుక కొరికిందంట."

పాలామెను పంపింది.

"ఆ పక్క చెవుడంట."

చివరికి మొగుణ్ణే తరిమింది. "నీ చెల్లెలే కదా, పోయి అడుగు."

ఆయన తిరిగొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "ఆ చెవి నడిచొస్తాదిలే అన్నా, అని నవ్వింది."

ఆ గుడ్డ తన ఇంటి నుంచే రావాలని లింగమ్మకు అర్థమైంది. పెళ్ళినాటి ఎర్రచీర కొంగు కత్తిరించింది. మడిచి నడుముకు దోపుకుంది. "షరతు పెట్టింది తనే కదా. వచ్చి అడగనీ, ఇస్తా."

అక్కడ ఓబులక్క సూదిలో దారం ఎక్కించి పెట్టుకుంది. "మాటన్నది తనే కదా. తెచ్చి ఇవ్వనీ, కుడతా."

ఇది అడగదు. అది ఇవ్వదు. వానలు పోయాయి, ఎండలు పోయాయి. నడుములో గుడ్డ రంగు వెలిసింది.

ఒక పొద్దున ఓబులక్క లేవలేదు.

లింగమ్మ వచ్చింది. ఏడవలేదు. నడుములోని గుడ్డ తీసింది. వాసం మీది గుర్రాన్ని దింపించింది. దారం ఎక్కించి ఉన్న ఆ సూదే తీసుకుని, శవం పక్కన కూర్చుని చెవి కుట్టసాగింది. కళ్ళు మసక. కుట్టు అటు పోయింది, ఇటు పోయింది. అచ్చం ఎద్దు ఉచ్చే.

"విప్పి మళ్ళీ కుట్టేదా పిన్నమ్మా?" అంది గాజులామె మెల్లగా.

"వద్దు. వంకర కుట్టంటే ఎట్లుంటాదో నా ఆడబిడ్డను చూడనీ."

గుర్రాన్ని పక్కనే పెట్టి సాగనంపారు.

అందుకే ఇప్పటికీ ఆ పక్క ఊళ్ళలో గుడ్డ గుర్రాలకు ఒళ్ళంతా సూటి కుట్టు, ఎడమ చెవికి వంకర కుట్టు. చెవి కూడా సూటిగా కుడితే పిల్లలు ఎక్కరు. ఎవరైనా పంతం పట్టి మూతి ముడుచుకుని కూర్చుంటే, ముసలమ్మలు వాళ్ళ నడుము వైపు చూపించి అంటారు:

"దోపుకున్న చెవి వినదమ్మే. పో, ఇచ్చిరా."