మూడు నెలల నెట్టు

కాకినాడలో ఒక మేడ కింది వాటాలో నలుగురు డిగ్రీ కుర్రాళ్ళు ఉండేవారు. త్రినాథ్, గోవర్ధన్, శేషు, ఉపేంద్ర. ఊరు మొత్తంలో తమంత తెలివైనవాళ్ళు లేరని నలుగురికీ గట్టి నమ్మకం. వాళ్ళ తెలివికి సూత్రం ఒకటే. చెప్పింది చెప్పినట్టు చెయ్యాలి. సొంత బుర్ర కలిపితేనే పనులు చెడిపోతాయి అనేవారు. వాళ్ళు బుర్ర కలపగా నేనెప్పుడూ చూడలేదు. ఉపేంద్ర నా కొడుకు.

ఆఖరి పరీక్షలకి ఇంకా మూడు నెలలున్నాయి. అవయ్యాక ఎవరి ఊరికి వాళ్ళు. ఈలోపు ఉపేంద్రకి ఒక మందుల గోడౌన్‌లో ఉద్యోగానికి పిలుపు వచ్చింది. ఇంటర్వ్యూ కంప్యూటర్లోనే. ఇదివరకు ఇలాంటిదే ఒకటి వచ్చి, సగంలో సిగ్నల్ పోయి చేజారింది. ఆ వాటాలో ఫోన్ పలకదు. మేడెక్కి నీళ్ళ ట్యాంకు పక్కన నిలబడితేనే పలుకుతుంది.

"ఇదీ పోతే మళ్ళీ పిలిచేవాళ్ళు లేరురా నాన్నా" అన్నాను.

ఇంకేముంది, ఇంటికి నెట్టు పెట్టించాలని తీర్మానించారు. ఎవరిని అడిగినా ఏడాదికైతేనే ఇస్తామన్నారు. చివరికి ఆ వీధిలోనే ఉన్న కేబుల్ ఆఫీసాయన మూడు నెలలకి ఒప్పుకున్నాడు. రేపు మనిషి వస్తాడు, ఇంట్లో ఒకరు ఉండాలి అని చెప్పాడు.

ఒకరు. అంతే. మర్నాడు శేషుని ఇంట్లో ఉంచి, మిగతా ముగ్గురూ ఎదురింటి మెట్ల మీద కూర్చున్నారు. నెట్టు మనిషి నూకరాజు నిచ్చెన తీసుకుని వచ్చి తలుపు కొట్టాడు. చాలాసేపు కొట్టాడు. వెనక్కి తిరిగి, ఈ ఇంట్లో ఎవరూ లేరా బాబూ అని అడిగాడు. ఉన్నాడన్నారు. మరి తలుపు తియ్యడేం అన్నాడు.

"ఉండమన్నారు, ఉన్నాడు. తియ్యమని మీ ఆఫీసులో చెప్పలేదన్నా" అన్నాడు త్రినాథ్.

నూకరాజు నిచ్చెన భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

ట్యాంకు దగ్గర్నుంచి నాకు ఫోన్ చేశారు. ఈసారి తలుపు తీసే ఉంచండి, కానీ ముక్కూ మొహం తెలియనివాళ్ళని లోపలికి రానివ్వకండి అన్నాను. అలాగే ఆంటీ అన్నారు.

నూకరాజు మళ్ళీ వచ్చాడు. తలుపు బార్లా తెరిచి ఉంది. గుమ్మానికి అడ్డంగా గోవర్ధన్ చేతులు చాపి నిలబడ్డాడు. మొన్న వచ్చినవాణ్ణే కదా అన్నాడు నూకరాజు. మొన్న చూశాం గానీ నువ్వు ఎవరో ఏమిటో మాకు తెలీదు కదన్నా అన్నాడు గోవర్ధన్. అంతే, గుమ్మం బయటే కుర్చీ వేశారు. టీ ఇచ్చారు. సొంతూరు అడిగారు. ఏలేశ్వరం అన్నాడు. పెళ్ళి ఎలా కుదిరిందో అడిగారు. బావమరిది తన బండి తీసుకెళ్ళి తిరిగి ఇవ్వని సంగతి నూకరాజు చెప్తుంటే శేషు కళ్ళు తుడుచుకున్నాడు. ఇంక తెలిసినవాడయ్యాడు కాబట్టి లోపలికి రమ్మన్నారు.

నూకరాజు కిటికీలోంచి తీగ లాగి, బీరువా మీద నెట్టు డబ్బా పెట్టాడు. వెలిగింది. వెళ్తూ వెళ్తూ రెండు మాటలు చెప్పాడు. దీనికీ మీకూ మధ్య ఏదీ అడ్డం ఉండకూడదు. మరీ ఎక్కువ వాడేస్తే స్పీడు తగ్గిపోద్ది.

అర్థమైందన్నా అన్నారు. ఆ మాట ఎవరి నోట విన్నా నాకిప్పటికీ గుండె దడ.

ఇంకేముంది, అడ్డం ఉన్నవన్నీ బయటికి పోయాయి. మంచాలు, పెట్టెలు, బట్టలు ఆరేసిన దండెం, గ్యాసు పొయ్యి, అన్నీ వరండాలోకి. గది ఖాళీ. అప్పుడు గోవర్ధన్ మంచినీళ్ళకని లేచాడు. డబ్బాకీ శేషుకీ మధ్య అడ్డం వచ్చాడు. కూర్చోరా, కూర్చోరా అని అరిచారు. కూర్చుంటే మంచినీళ్ళెలా? పాకాడు. బాగుందనుకున్నారు. అప్పట్నుంచి ఆ ఇంట్లో అందరూ పాకడమే.

ఇంటావిడ సత్యవేణి గారు మోటారు వేద్దామని వచ్చి, మీసాలొచ్చిన నలుగురు మోకాళ్ళ మీద తిరగడం చూసింది. వచ్చిన దారినే వెనక్కి వెళ్ళిపోయింది. దిష్టి తీసుకోండని ఎండుమిరపకాయలు పంపింది. ఎలా తియ్యాలో చెప్పలేదు కదా. పప్పులో వేసుకున్నారు.

ఇక రెండో మాట. వాడితే స్పీడు తగ్గుతుంది. ఉపేంద్ర ఇంటర్వ్యూకి తగ్గితే ఎలా? అంతే, ఎవ్వరూ వాడలేదు. పాఠం వినాలన్నా, సినిమా చూడాలన్నా మేడెక్కి ట్యాంకు పక్కన చేరేవారు. ఎండకి నలుగురూ నల్లబడ్డారు. స్నేహితుడి కోసం ఆ మాత్రం చెయ్యలేమా ఆంటీ అన్నారు నాతో. గదిలో నెట్టు. దాని కింద పాకుడు. చదువు మేడ మీద.

ఇంటర్వ్యూ రోజున నేను మా ఊరు తుని నుంచి వెళ్ళాను. గుమ్మంలోనే వంగమన్నారు. పాకాను.

ఉపేంద్ర కుర్చీలో కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచాడు. గదిలో ఇంకెవరూ ఉండకూడదన్నారని మేమంతా కిటికీ బయట నిలబడ్డాం. నెట్టు నిక్షేపంలా పనిచేసింది. అవతల ఒకావిడ ప్రశ్నలడిగింది. అయిదేళ్ళ తరవాత మీరు ఎక్కడ ఉండాలనుకుంటున్నారు అంది.

"ఈ వాటా పరీక్షలయ్యేదాకే ఇచ్చారండి. తరవాతిది ఇంకా వెతకలేదు" అన్నాడు.

నేను కిటికీ ఊచ పట్టుకున్నాను. ఆవిడ ఏదో రాసుకుంది. మీ గురించి ఇంకేమైనా చెప్తారా అంది. చెప్పింది చెప్పినట్టు చేస్తానండి, సొంతంగా ఏమీ చెయ్యను అన్నాడు. మందుల గోడౌన్‌లో అలాంటివాళ్ళు దొరకరట. ఆవిడ మొహం విచ్చుకుంది. మాట్లాడుకుని వస్తాం, మీరు లైన్ కట్ చెయ్యకండి, కుర్చీలోంచి లేవకండి అని వెళ్ళింది. తిరిగొచ్చి ఉద్యోగం మీదే అంది. రేపు పదకొండింటికి గోడౌన్‌కి వచ్చి చేరమంది. తెర ఆరిపోయింది.

నేను అక్కడే కూలబడి ఏడ్చాను. లేరా, కాళ్ళు కడుక్కుని దేవుడికి దణ్ణం పెట్టుకో అన్నాను.

"లేవద్దన్నారు కదమ్మా. మళ్ళీ లేవమనలేదు."

కుర్చీలోనే అన్నం కలిపి పెట్టాను. కుర్చీలోనే నిద్రపోయాడు. తెల్లారింది. కుర్చీ దిగకూడదు. లైన్ కట్ కాకూడదు. పదకొండింటికి గోడౌన్‌లో ఉండాలి. మేమున్నాం కదా, కంగారు పడకండి ఆంటీ అన్నాడు త్రినాథ్. అప్పుడే కంగారు మొదలైంది.

ట్రాలీ ఆటో తెచ్చారు. ఉపేంద్రని కుర్చీతో సహా ఎక్కించారు. ల్యాప్‌టాప్ ఒళ్ళో. నెట్టు డబ్బా శేషు నెత్తి మీద. ప్లగ్గు పీకేశారు గదరా అన్నాను. పీకితే ఏం ఆంటీ, తీగ తెగలేదు కదా అన్నారు. స్తంభానికి మిగులు తీగ చుట్ట కట్టి ఉంటే, గోవర్ధన్ దాన్ని విప్పి వదులుతూ వెనక నడిచాడు. ఆటో పెళ్ళి ఊరేగింపులా కదిలింది. జనం గేట్ల దగ్గరకొచ్చి చూశారు. ఒకాయన కుర్చీలో ఉన్నవాణ్ణి పెళ్ళికొడుకనుకుని అక్షింతలు వెయ్యబోయాడు. వీధి మలుపులో చుట్ట అయిపోయింది. ఆటో అతనికి తెలీదు. టప్.

తీగ తెగుతూ స్తంభం మీది పెట్టెని కూడా ఊడలాక్కొచ్చింది. వీధి వీధంతా నెట్టు పోయింది. అక్షింతలు వెయ్యబోయినాయన చెప్పు తీశాడు.

ఉపేంద్ర తెగిన తీగ వంక చూశాడు. లైనే కట్ అయ్యాక ఇంక కుర్చీ ఎందుకన్నాడు. లేచాడు. గోడౌన్ వైపు పరుగెత్తాడు. అమ్మయ్య అనుకుని నేను వాళ్ళ వాటాకి తిరిగొచ్చాను.

కాఫీ పెట్టుకుంటుంటే వాడు చెమటలు కక్కుతూ వచ్చి నేరుగా స్నానాలగదిలో దూరాడు. చేరావా అని తలుపవతల నుంచి అడిగాను.

"గేటు దగ్గర వాచ్‌మన్ ఒక్క నిమిషం ఆగమని లోపలికి వెళ్ళాడమ్మా. ఆగాను. నిమిషం అయిపోయింది. వచ్చేశాను."

వాడి ఫోన్ పుచ్చుకుని మేడెక్కాను. నా వెనకే త్రినాథ్ వచ్చాడు. ట్యాంకు పక్కన నిలబడి, స్పీకర్ పెట్టి గోడౌన్ ఆవిడకి చేశాను. బతిమాలాను. ఆవిడ మంచిది. ఇంకా పదకొండు కాలేదు, ఉన్నవాణ్ణి ఉన్నట్టు బయల్దేరి రమ్మనండి అంది. నేను నోరు తెరిచేలోపు త్రినాథ్ పిట్టగోడ మీంచి వంగి ఆ మాటే కిందికి కేకేశాడు.

అంతే. కింద తలుపు చప్పుడైంది. తొంగి చూశాను. నడుముకి తువ్వాలు, నెత్తిన సబ్బు నురగ, ఒక కన్ను మూసుకుని నా కొడుకు వీధిలో పరుగు. వాడి వెనక చెంబు పట్టుకుని శేషు.

పదకొండింటికి చేరాడు. ఈసారి వాచ్‌మన్ ఆగమనలేదట. గేటు బార్లా తీసి, పక్కకి తప్పుకున్నాడట.