గోరింక మోసుకొచ్చిన గొంతు

రాళ్లగుట్ట కింద ఏళ్లుగా వాన లేదు. మేకలు ముళ్లకంపను కూడా వదలకుండా నమిలేశాయి. కనుమ దాటితే పచ్చికబయళ్లున్నాయని నక్క కబురు తెచ్చాడు. ఆకలిగొన్నవాళ్లను అక్కడికి తోలుకుపోవడమే వాడి పని. అందుకే అందరూ మేస్త్రీ అనేవాళ్లు.

పోయినవాళ్లెవరూ తిరిగి రాలేదు. వాళ్ల గొంతులు మాత్రం వచ్చేవి. మేస్త్రీ వీపు మీద ఒక గోరింక ఉండేది. అది ఏది వింటే అదే, అన్నవాళ్ల గొంతుతోనే పలికేది.

ఆ మిట్టమధ్యాహ్నం అది ముసలిమేక బూదమ్మ ముందు వాలి నోరు తెరిచింది. వచ్చింది ఆమె పెద్దకొడుకు కర్రోడి గొంతు.

"అమ్మా, బాగున్నా. ఇక్కడ మోకాళ్లెత్తు పచ్చిక. చెల్లిని పంపు."

కొడుకు లేడు, గొంతు ఉంది. మేస్త్రీ చప్పున ఒక పురుగును గోరింక నోట్లో కుక్కాడు.

"విన్నావుగా అత్తా? పిల్లను సాగనంపు" అన్నాడు, వినయమంతా ఒలకబోస్తూ.

"దూరపు కొండలు నునుపంటారు నాయనా."

"ఈ కొండను నేను నాకి చూశా అత్తా. నున్నగానే ఉంది."

కూతురు తెల్లికి డొక్కలు లోపలికి పోయాయి. "అన్నే పిలుస్తుంటే ఇంకా ఆలోచనేంటమ్మా? ఇక్కడుంటే రాళ్లు తినాలి. నేను పోతా."

"ఎండ తగ్గాక పోదువులే" అంది బూదమ్మ. మేస్త్రీ బండనీడన కునుకు తీశాడు.

బూదమ్మకు ఒకటే గుచ్చుకుంటోంది. మాట పూర్తవగానే పురుగెందుకు? అడక్కుండా పెట్టే రకం కాదే వీడు! మెల్లగా గోరింకను పిలిచింది.

"రా తల్లీ, మా ఒంటినిండా పిడుదులే. మా దగ్గర కరువు లేనివి అవే."

పిట్ట ఒక్కో మేక వీపూ ఎక్కి, వెంట్రుకల్లో నెత్తురు తాగుతున్న పిడుదుల్ని ఏరుకు తింది. పొట్ట ఉబ్బిపోయింది.

ఎండ వాలింది. "పోయేముందు నా కొడుకు మాట ఇంకోసారి వినిపించు మేస్త్రీ" అంది బూదమ్మ.

"అమ్మా, బాగున్నా. ఇక్కడ మోకాళ్లెత్తు పచ్చిక. చెల్లిని పంపు."

మేస్త్రీ పురుగు అందించాడు. కడుపు నిండినవాడికి గారెలు చేదు. పిట్ట తల తిప్పుకుంది, నోరు మాత్రం మూయలేదు. కర్రోడి గొంతు ఇంకా సాగింది.

"నువ్వు చెప్పమన్నట్టే చెప్పా మేస్త్రీ. ఇంతకీ పచ్చికేదీ? ఈ ఎముకలెవరివి?"

అదే ముక్కులోంచి ఈసారి నక్క గొంతు: "దొరా, ఈసారికి ఒకటే దొరికింది. తలకాయ నా వాటా."

తర్వాత చిరుతపులి గుర్రుమనడం. తర్వాత ఎముక విరిగిన చప్పుడు. అంత చిన్న ముక్కులోంచి అంత చప్పుడు. పిట్ట ముక్కును బండకేసి రాసుకుంది.

"పిట్ట కూతలు నమ్ముతారా అత్తా..." మేస్త్రీ నవ్వబోయాడు. చుట్టూ కొమ్ములు.

బూదమ్మ ఏడవలేదు. "మీ దొర ఆకలితో కాచుకొని ఉంటాడు. ఊరికే పోతే ఏం బాగుంటుంది? నిన్ను నువ్వే తోలుకుపో."

పోతులు వాణ్ని కనుమ లోపలిదాకా పొడుచుకుంటూ తోలాయి. వచ్చింది ఎవరని చిరుతదొర అడగలేదు.

కరువు మాత్రం పోలేదు. మేకలకు వలస తప్పలేదు. ఈసారి వేరే దిక్కుకు ఒక పోతును పంపి, వాడు తన కాళ్ల మీద తిరిగొచ్చి తోవ చెప్పాకే మందంతా కలిసి కదిలింది.

నీతి: పోయినవాడి క్షేమం తోలుకుపోయినవాడి దగ్గర వినకు.