ఇంకా చదవని ఉత్తరం

గుట్టకింది పల్లెకు ఒక ఉత్తరం వచ్చింది. దాన్ని చదవగలిగినవాళ్లు పల్లెలో ఒక్కరూ లేరు.

తెచ్చిన బంట్రోతు మంచినీళ్లకు కూడా ఆగలేదు. కచేరీ నుంచి వచ్చిందని, ఊరి పెద్దకే ఇమ్మన్నారని చెప్పి, మారెక్క చేతిలో పెట్టి తిరిగి వెళ్లిపోయాడు. మారెక్క ఆ పల్లెకు పెద్ద. ముప్పై గడపల గొర్రెల కాపరులు ఆమె మాట మీద నడిచేవాళ్లు. ఆమె ఉత్తరాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. నాలుగు మడతలు పెట్టి దారంతో కట్టిన కాగితం. ముడి విప్పకుండానే దాన్ని ఒక వెదురుగొట్టంలో పెట్టి, ఇంట్లో దూలానికి వేలాడదీసింది.

పక్క ఊరికి తీసుకుపోయి చదివించుకుందామని కొందరన్నారు. మారెక్క ఒప్పుకోలేదు. ఆమె తండ్రి కాలంలో ఇలాగే ఒక కాగితం వస్తే పక్క ఊరి చదువరి ఒకడు చదివి పెట్టాడు. అతను చెప్పింది ఒకటి, అందులో ఉన్నది ఇంకొకటి. మరుసటి వానకు ఏటి ఒడ్డున పల్లెవాళ్ల చేలల్లో ఆ చదువరి నాగళ్లే తిరిగాయి.

కాబట్టి ఈ ఉత్తరాన్ని ఈ ఊళ్లో పుట్టిన బిడ్డే చదవాలని పల్లె తీర్మానించుకుంది. అందుకు బడి కావాలి, బడికి ఐవారు కావాలి. ఒక్క కాగితం చదవడం కోసం పుట్టిన బడి ఆ చుట్టుపక్కల అదొక్కటే. మిగతా ఊళ్ల బడులు ఎందుకు పుట్టాయో ఆ ఊళ్లవాళ్లకే సరిగ్గా తెలియదు.

వెతగ్గా ఒక ఐవారు దొరికాడు. పట్నంలో పన్నెండేళ్లు చదువు చెప్పి, బడి పెట్టించిన ధనవంతుడి అల్లుడికి కొలువు అవసరమయ్యేసరికి బయటపడ్డ మనిషి. తిండికి కొర్రలు, తాగడానికి మేకపాలు, ఏటా ఒక కొత్త గొంగడి ఇస్తామన్నారు. ఆయన సరేనన్నాడు. అప్పుడు మారెక్క ఒక షరతు పెట్టింది. ఉత్తరాన్ని ఆయన ముట్టుకోకూడదు, చదవకూడదు. అది ఊరి బిడ్డ వంతు.

ఐవారికి చివుక్కుమంది. వంటవాణ్ణి పిలిపించి పొయ్యి దగ్గరికి రావద్దన్నట్టుంది ఆయనకు. అయినా వెళ్లడానికి వేరే చోటు లేదు. గొంగడి మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాడు. చేస్తూ చేస్తూ దూలం వంక చూస్తే, గొట్టం అంచున కాగితం పై మడత కొంచెం కనబడింది. అది అచ్చు అక్షరాల్లాంటి రాత కాదు. కచేరీ గుమస్తాలు కలం ఎత్తకుండా అక్షరానికి అక్షరం తగిలించి రాసే గొలుసుకట్టు.

పల్లెలో నలభై మంది పట్టే కప్పు ఒక్కటే ఉంది, గొర్రెల దొడ్డి. పొద్దున్నే మంద గుట్ట మీదికి వెళ్లగానే పిల్లలు దొడ్డిలోకి వచ్చేవాళ్లు. మంద తిరిగొచ్చే వేళకు లేచి చోటిచ్చేవాళ్లు. పలకలు లేవు. ఎండిన గొర్రె పెంటికలను నేల మీద పేర్చి అక్షరాలు దిద్దేవాళ్లు. ‘అ’కు నలభై పెంటికలు పట్టేవి, ‘ఋ’కు దోసెడు చాలేవి కావు. ఐవారు మొదటి వారం ముక్కుకు గుడ్డ కట్టుకున్నాడు. రెండో వారం మరిచిపోయాడు.

ఐవారు మాట తప్పుతాడేమోనని మారెక్క కాపలా కూర్చునేది. దొడ్డి వాకిట్లో ఉన్ని వడుకుతూ రోజంతా ఆయన నోటినే చూస్తుండేది. అలా చూసీ చూసీ ఏడాదిన్నరకు ఆమెకు చదవడం వచ్చేసింది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. ఉత్తరం చదవాల్సింది బిడ్డ అని తీర్మానం చేసింది తనే.

నాలుగేళ్లు గడిచేసరికి ఆరేడుగురు పిల్లలు అచ్చు పుస్తకం తడబడకుండా చదివేవాళ్లు. ఉగాదికి ఊరు ఊరంతా వచ్చి, ఇక గొట్టం దించుదామా అని అడిగింది. ఐవారు అచ్చు వేరు, గొలుసుకట్టు వేరు అన్నాడు. ఇంకో ఏడాది పడుతుందన్నాడు. ఆ మాటలో నిజం సగమే ఉంది. ఉత్తరం చదివిన మర్నాడు ఈ ఊరికి తనతో పని ఉండదని ఆయనకు తెలుసు. తర్వాతి ఉగాదికి కూడా ఇంకో ఏడాది అన్నాడు. ఆ రెండేళ్లూ ఇచ్చిన గొంగళ్లు కప్పుకుంటే ఆయనకు కొంచెం గుచ్చుకునేవి.

ఆరో ఏడు ఇక ఆపడం కుదరలేదు. సుంకమ్మ అనే పిల్ల గొలుసుకట్టును అల్లిక విప్పినంత తేలిగ్గా విప్పేస్తోంది. పద్నాలుగేళ్ల పిల్ల. తల్లి లేదు, తండ్రి మంద వెంట తిరిగే మనిషి. వచ్చే వేసవికి పట్నం తీసుకుపోయి పరీక్ష రాయిస్తానని, నెగ్గితే ఎక్కడైనా ఐవారమ్మ కావచ్చునని ఐవారు ఆమెకు మాటిచ్చాడు.

ఊరంతా మారెక్క ఇంటి ముందు కూర్చుంది. గొట్టం దించారు. సుంకమ్మ దారం విప్పి, గొంతు సవరించుకుని చదివింది.

“గుట్ట మీద గొర్రెలు మేపుకొనుచున్న పల్లెవాసులకు తెలియజేయడమేమనగా, సదరు గుట్ట మీ సొంతమని చూపు పత్రములు ఉన్నయెడల, ఈ ఉత్తరము మీరు చదివి తెలుసుకొనిన నాటి నుండి ముప్పై దినముల లోపల కచేరీకి తెచ్చి చూపవలెను. లేనియెడల గుట్ట చుట్టును కంచె వేయబడును.”

ఆ గుట్ట మీద వాళ్ల తాతల తాతలు గొర్రెలు మేపారు. అక్కడ ఏ బండ కింద నీళ్లు ఊరతాయో, ఏ వాలున తోడేళ్లు కాచుకుంటాయో వాళ్లకు తెలుసు. పత్రం అనేది మాత్రం వాళ్లెప్పుడూ చూడలేదు. పిల్ల చదివిన తీరుకు మురిసిపోవాలో, చదివినదానికి ఏడవాలో తెలియక సుంకమ్మ తండ్రి తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

ఆ నడిమి ముక్క మళ్లీ చదవమంది మారెక్క. సుంకమ్మ చదివింది. మీరు చదివి తెలుసుకొనిన నాటి నుండి.

మారెక్క ఐవారి వైపు తిరిగింది. “చదవకుంటే?”

“చదవకపోతే గడువు మొదలుకాదు” అన్నాడు ఐవారు.

“అయితే మేమింకా చదవలేదు.”

ఆమె కాగితం మడతలు పాతవాటి మీదే పెట్టి, అదే దారం అదే ముడి వేసి, గొట్టాన్ని దూలానికి కట్టేసింది. బడి సంగతేమిటని ఐవారు అడిగాడు. బడి నడవాలంది మారెక్క. బడి ఆగితే నేర్చుకోవడం అయిపోయిందని కచేరీ అనుకుంటుంది. కాబట్టి ఊరు నేర్చుకుంటూనే ఉండాలి, ఎవరికీ ఏమీ రాకూడదు.

తన కొలువు పోతుందని ఆరేళ్లు భయపడ్డ ఐవారికి ఆ రోజు కొలువు శాశ్వతమైంది. ఆయనకు సంతోషం మాత్రం కలగలేదు. తాను సాగదీసిన రెండేళ్లూ ఊరికి మేలు చేశాయి, మనసు పెట్టి చెప్పిన నాలుగేళ్లే ఊరి మీదికి తెచ్చాయి. ఈ లెక్క ఆయనకు ఎంతకీ మింగుడుపడలేదు.

మర్నాడు గుట్ట ఎక్కి సుంకమ్మ దగ్గరికి వెళ్లాడు. పరీక్ష మాట ఆమె ఎత్తుతుందేమోనని భయపడుతూనే వెళ్లాడు. ఆమె ఎత్తలేదు. ఆయనే ఎత్తాడు. పరీక్ష కాగితం మీద వేరే ఊరి పేరు రాద్దామని, ఎవరికీ తెలియదని చెప్పాడు.

సుంకమ్మ పక్కకు పోతున్న గొర్రెపిల్లను మందలోకి అదిలించింది. “నేను నా చేత్తో రాసే మొదటి కాగితంలోనే మా ఊరు మా ఊరు కాదని రాయల్లా ఐవారూ?” అంది.

వేసవి వచ్చింది, పోయింది. సుంకమ్మ పట్నం వెళ్లలేదు. దొడ్డి ఊడ్చే మనిషిగా కుదురుకుని, ఊడ్చాక చిన్నపిల్లలకు గుణింతాలు చెప్పడం మొదలుపెట్టింది. ఐవారికన్నా బాగా చెప్పేది. ఐవారు అది గమనించి ఒకరోజంతా ముభావంగా ఉండి, మర్నాటి నుంచి తానే ఆమె పాఠాలు వినడానికి కూర్చున్నాడు.

ఆ తర్వాత ఆ పల్లెలో చదువు పొయ్యిలో నిప్పులా అంటుకుంది. దాచుకోవాల్సినదైపోయాక అందరికీ దాని మీద ఆశ పుట్టింది. ముసలివాళ్లు వచ్చారు, కోడళ్లు వచ్చారు. ఉన్ని మూటల్లో పుస్తకాలు దాచి తెచ్చుకున్నారు. దొడ్డి లోపల ఎవరి ఇష్టం వాళ్లది. దొడ్డి దాటితే మాత్రం ఎవరికీ అక్షరం రాదు. సంతలో మగవాళ్లు పెద్ద పెద్ద బోర్డుల కింద నిలబడి, అక్కడేం రాసుందని దారినపోయేవాళ్లను అడిగేవాళ్లు. తప్పు చదివి చెప్పినవాడికి కూడా దణ్ణం పెట్టేవాళ్లు.

ఏడాదికోసారి బంట్రోతు వచ్చి ఉత్తరం చదివారా అని అడిగేవాడు. ఇంకా లేదు సామీ, పిల్లోళ్లు నేర్చుకుంటా ఉండారు అని మారెక్క చెప్పేది. అలా మూడుసార్లు జరిగింది. తొమ్మిదో ఏడు కచేరీకి కొత్త అధికారి వచ్చాడు. తొమ్మిదేళ్లు బడి నడిచి ఒక్కడికీ చదవడం రాలేదంటే, ఐవారు దద్దమ్మ అయినా అయ్యుండాలి, ఊరు అబద్ధాలకోరు అయినా అయ్యుండాలి అనుకున్నాడు. అదేదో తానే తేల్చుకుందామని బయల్దేరాడు.

ఆయన వచ్చేసరికి దొడ్డి నిండా జనం, పెద్దా చిన్నా కలిపి నలభై మంది. అధికారి ముక్కు మూసుకుని లోపలికి వచ్చి, సుంకమ్మను పిలిచి పుస్తకం చేతికిచ్చాడు. సుంకమ్మ తలకిందులుగా పట్టుకుంది. ఆయన తిప్పి ఇచ్చాడు. ఆమె ఒక క్షణం చూసి, బొమ్మ లేదే సామీ అని తిరిగిచ్చేసింది.

ఐవారు నేల చూస్తూ నిలబడ్డాడు. ఏదో ఒక రోజు ఒక పెద్ద అధికారి తన బడికి వచ్చి తన పిల్లల చదువు వినాలని ఆయన పట్నంలో ఉన్న రోజుల నుంచీ కలలు కనేవాడు. అధికారి రానే వచ్చాడు. వినడానికే వచ్చాడు.

అధికారి తెలివైనవాడు. ఇంకేమీ అడగలేదు. సుద్దముక్క తీసుకుని, గోడకు ఆనించిన నల్లచెక్క మీద ఏదో పెద్ద అక్షరాలతో రాసి, పక్కకు తప్పుకుని జనం ముఖాలు చూస్తూ నిలబడ్డాడు.

మీ తలల పైన కప్పులో నాగుపాము ఉంది.

ఎవరూ కదలలేదు. ఆ పాత బోదగడ్డి కప్పులో పాము ఉండడం వింత కాదు, పోయిన వానాకాలంలో రెండు దొరికాయి. నలభై మందీ ఆ అక్షరాల వైపు, గోడ మీద పడ్డ ఎండను చూసినట్టు చూస్తూ కూర్చున్నారు. సుంకమ్మ ఒళ్లో చిన్నపిల్ల ఒకతి ఉంది. ఆ పిల్లకు నిరుడే చదవడం వచ్చింది. సుంకమ్మ చెయ్యి ఆ పిల్ల తల మీద ఉంది, నిమురుతున్నట్టే ఉంది. వేళ్లు మాత్రం బిగిసి ఉన్నాయి.

ఆ దొడ్డి మొత్తంలో తల పైకెత్తి చూసింది ఒక్క ఐవారే. చూసిన మరుక్షణం, ఊరిని తానే పట్టించేశానేమోనని గబుక్కున తల దించేశాడు.

అధికారి నవ్వాడు. “మీకు మాత్రం చదవడం వచ్చన్నమాట. సంతోషం.”

ఆయన అనుమానం తీరిపోయింది. కాగితం తీసి నివేదిక రాశాడు. ఇంతమందికి చదవడం రాదు కాబట్టి తానే గట్టిగా చదివి వినిపించాడు. ఐవారు మిక్కిలి శ్రమించుచున్నారని, పల్లెవాసులు నేర్చుకొనుటకు మరికొంత కాలము పట్టునని, అంతవరకు ఉత్తరము చదవబడినట్లు పరిగణింపరాదని అందులో ఉందన్నాడు. సాక్షిగా వేలిముద్ర వేయమని మారెక్క ముందు పెట్టాడు.

మారెక్క బొటనవేలికి సిరా రాసుకుంది. వేలు కాగితం మీదికి వెళ్లి మధ్యలో ఆగింది. ఆమె చూపు వరుస వెంట ఎడమ నుంచి కుడికి నడుస్తోంది. ఐవారు భయపడి దగ్గాడు. ఆమె తలెత్తి ఆయన్ను చూసింది. ఆ చూపులోనే ఐవారు చాలావరకు చదివేశాడు, మిగతాది కాగితం వైపు ఓరగా చూసి చదివాడు. అధికారి చదివి వినిపించింది ఒకటి, రాసింది ఇంకొకటి. శ్రమించుచున్నారు అన్నచోట, శుద్ధ అసమర్థుడు, ఇట్టివానిని మరే బడిలోనూ నియమింపరాదు అని ఉంది. మిగతాదంతా వినిపించినట్టే ఉంది.

“వెయ్యమ్మా” అన్నాడు ఐవారు నెమ్మదిగా. “బాగానే రాశారు.”

మారెక్క కళ్లు తడిశాయి. అధికారి అది సిరా ఘాటు అనుకున్నాడు. ఆమె వేలు తిన్నగా దించి ముద్ర వేసింది.

అధికారి కాగితం ఊది ఆరబెట్టుకుని, ఐవారి భుజం తట్టి, ఓపిక పట్టమని చెప్పి బయటికి నడిచాడు. ఐవారు దొడ్డి వాకిటి దాకా సాగనంపి, అక్కడే నిలబడి చూశాడు. బండి రేగుపొదలు దాటింది, ఏటి రేవు దాటింది, మలుపు తిరిగింది. అప్పుడు ఆయన వెనక్కి తిరిగి ఇక ఫరవాలేదన్నట్టు చెయ్యి ఊపాడు.

దొడ్డిలో నలభై తలలూ ఒక్కసారిగా పైకి లేచాయి.