తాగని నీళ్ళు

మేట్రన్ అరబా బెంట్సివాకు అడిగినదానికి నోటితో జవాబు చెప్పే అలవాటు లేదు. లేచి ఏప్రన్ కట్టుకునేది. అడిగినవాళ్ళు కూడా కట్టుకుని వెంట నడవాల్సిందే. ఆవిడను ప్రశ్న అడగడమంటే కోరి పని నెత్తిన వేసుకోవడమేనని నర్సింగ్ స్కూల్ అమ్మాయిలు చాటుగా నవ్వుకునేవారు.

పశ్చిమాఫ్రికాలోని ఆ దేశాన్ని తెల్లవాళ్ళ ఏలుబడిలో ఇంకా గోల్డ్ కోస్ట్ అంటున్న రోజులవి. సముద్రపొడ్డున చేపలు పొగబెట్టి అమ్ముకునే తల్లికి పుట్టిన అరబా, కాన్పులు చేయడం నేర్చి, ఆపైన ఓడెక్కి ఇంగ్లండు వెళ్ళి పెద్ద పరీక్షలే గట్టెక్కింది. తిరిగొచ్చాక, నర్సుల పైన ఉండే సిస్టర్ అనే హోదా తెల్లవాళ్ళకే, నువ్వు నర్సువేనన్నారు. తను పని నేర్పిన తెల్లపిల్లలే సిస్టర్లయి తనమీద పెత్తనం చేస్తుంటే ఏళ్ళ తరబడి పళ్ళబిగువున భరించింది. పట్టు మాత్రం విడవలేదు. కాదన్న గుమ్మంలోకే మళ్ళీ మళ్ళీ వెళ్ళి అడిగింది. చివరికి తను పనిచేసే ఆసుపత్రిలో, సిస్టర్లందరికీ పెద్దయిన మేట్రన్ కుర్చీ ఎక్కిన మొదటి ఆఫ్రికా స్త్రీ ఆవిడే అయింది. తన వెనక వచ్చే అమ్మాయిలందరికీ సిస్టర్ అయ్యే దారి తెరిచింది. వినేవాళ్ళకు కడుపు మండిపోయే ఆ సంగతులు ఆవిడ ఎన్నడూ ఎత్తేది కాదు.

ఆవిడ శిష్యురాళ్ళలో డుఫియే చురుకైనది. ఇంగ్లండు చదువుకు ఎంపికైంది కూడా. ఎడారి మీంచి దుమ్ము మోసుకొచ్చే పొడిగాలి పెదవులు పగలగొడుతున్న ఒక ఉదయం, మనసులో నలుగుతున్నది అడిగేసింది. "మేట్రన్‌గారూ, తెల్లవాళ్ళ పద్ధతీ మన పద్ధతీ ఎదురుపడ్డప్పుడు దేన్ని వదిలెయ్యమంటారు?"

మేట్రన్ లేచి ఏప్రన్ అందుకుంది.

ఆడవాళ్ళ వార్డులో ఒక ముసలమ్మ బెంచీ అంచున బిగుసుకుపోయి కూర్చుని ఉంది. కోకో తోటల ఊరినుంచి ఎవరో లారీలో తెచ్చి దింపిపోయారు. పేగు మెలిపడి పొట్ట ఉబ్బిపోయింది. వెంటనే కొయ్యకపోతే బతకదని సర్జన్ అంటున్నాడు. ఆవిడ ఒప్పుకోకుండా కొయ్యనని కూడా అంటున్నాడు. ముసలమ్మేమో పేరు చెప్పదు, నొప్పెక్కడో చెప్పదు, పడుకోదు. వార్డు నర్సు అడిగి అడిగి విసిగిపోయింది.

డుఫియేకు చప్పున తట్టింది. గడప తొక్కినవాళ్ళకు ముందు నీళ్ళిచ్చి, ఆ తర్వాతే వచ్చిన పనేమిటని అడగడం తమవాళ్ళ మర్యాద. ఆ అడగడాన్నే 'అమన్నే' అంటారు. నీళ్ళివ్వకుండా నిలదీస్తే పెద్దవాళ్ళు పెదవి విప్పుతారా? తన ప్రశ్నకు జవాబు కూడా దొరికిపోయిందన్న సంబరంతో కప్పు నిండా నీళ్ళు తెచ్చి ముసలమ్మకు అందించబోయింది.

మేట్రన్ ఆమె మణికట్టు పట్టుకుని ఆపింది. "ఇప్పుడు మత్తుమందు ఇవ్వాలి," అంది మెల్లగా.

మత్తులో వాంతయితే ఆ నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయని పరీక్షలో రాసిన పిల్లే డుఫియే. సిగ్గుతో చితికిపోయి కప్పు వెనక్కి లాక్కుంది. నోటిదాకా తెచ్చిన నీళ్ళు లాక్కోవడం అసలివ్వకపోవడం కన్నా పెద్ద అవమానం. ముసలమ్మ గోడ పట్టుకుని లేచి, గుమ్మంవైపు అడుగు వేసింది.

మేట్రన్ కప్పు తీసుకుని ఎదురెళ్ళి, మోకాలు కాస్త వంచి కుడిచేత్తో అందించింది. "ఇవి మీ నీళ్ళే పెద్దమ్మా. ఇప్పుడు తాగితే ప్రాణం మీదికొస్తుంది. పొట్ట బాగయ్యాక తాగుదురుగాని. మీరు తాగేదాకా నేనూ చుక్క ముట్టను."

ముసలమ్మ కప్పు అందుకుని, పోయిన పెద్దల కోసం నాలుగు చుక్కలు అప్పుడే తుడిచిన గచ్చు మీద వదిలి, మిగతావి మేట్రన్ చేతికే ఇచ్చింది.

"అమన్నే?" అని అడిగింది మేట్రన్.

అప్పుడు చెప్పింది ముసలమ్మ. నొప్పి మొదలైన పొద్దునుంచీ, ఊళ్ళో తాగిన కషాయం దగ్గర్నుంచీ, ఒక్కటీ వదలకుండా చెప్పింది. గుమ్మంలో సర్జన్ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. "ఇక కొయ్యమను," అని ఆవిడే వెళ్ళి మంచమెక్కింది.

సాయంత్రానికి ఆ ఒట్టు తీరిపోతుందనుకుంది డుఫియే. సర్జన్ బయటికొచ్చి, ప్రాణం దక్కిందనీ, పేగు కదిలేదాకా నోట్లో చుక్క పడకూడదనీ చెప్పాడు. నరంలోకి సెలైన్, పెదవుల మీద తడిగుడ్డ, అంతే. అలాంటి పొట్టలు ఎన్నో చూసిన మేట్రన్‌కు ఒట్టు పెట్టుకునేటప్పుడే ఇది తెలుసు.

ముసలమ్మకు సెలైనైనా ఉంది. మేట్రన్‌కు అదీ లేదు. ఆ పొడిగాలిలో వార్డులన్నీ తిరిగింది, మర్నాడు పాఠమూ చెప్పింది. నాలుక పిడచకట్టుకుపోయి మాట పెగలడం లేదు. డుఫియేకు ఏడుపొచ్చింది. "ఆవిడ నిద్రపోతోంది మేట్రన్‌గారూ, ఒక్క గుక్క తాగండి, ఆవిడకెలా తెలుస్తుంది?" అని బతిమాలింది. మేట్రన్ చూసిన చూపుకు ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆ మధ్యాహ్నం సర్జన్ పొట్టమీద స్టెతస్కోపు ఆనించి విని, చెంచాడు నీళ్ళు పట్టమన్నాడు. డుఫియే పట్టింది. ముసలమ్మ మింగి అంది. "ఇక నా బిడ్డకియ్యి."

మేట్రన్ మంచం పక్కన కూర్చుని కప్పెడూ తాగింది. డుఫియే ఖాళీ కప్పు అందుకుని, నిన్నటి ప్రశ్న మళ్ళీ అడగాలా వద్దా అని తటపటాయిస్తూ నిలబడింది.

మేట్రన్ పెదవులు తుడుచుకుంది. "రెండింట్లో ఏదో ఒకటి వదిలేసుంటే, నాకింత దాహం వేసేది కాదమ్మాయ్."