మొక్కుబడి జడ

శేషమాంబ గారిని ప్రశ్న అడిగినవాళ్ళకు జవాబు దొరకడం అరుదు. పని మాత్రం తప్పకుండా దొరికేది. మోక్షమంటే ఏమిటని అడిగిన ఒకావిడ చేత బావి చుట్టూ పాచి తోమించారు. కోపం పోయే దారేమిటని అడిగిన పెద్దమనిషి చేత బియ్యంలో రాళ్ళు ఏరించారు. నెల్లూరులో, పెన్న ఒడ్డునున్న ఆవిడ పెంకుటింట్లో సాయంత్రం పాఠానికి చేరేవాళ్ళలో చాలామంది ఈ పనులకు జడిసే ప్రశ్నలు మానుకున్నారు. కనకవల్లికి మాత్రం ఆ జంకు లేదు. అడగాలనిపిస్తే ఆమె నోరు ఊరుకునే రకం కాదు.

ఒకరోజు వల్లి పాఠం వేళకు కాదు, మిట్టమధ్యాహ్నం వచ్చింది. చెప్పులు విడవడం కూడా మరిచిపోయి లోపలికి నడిచి, చేతిలో ఉన్న కత్తెర గురువుగారి ముందు పెట్టింది. "అమ్మా, ప్రేమగా పెంచినదాన్ని ఇచ్చెయ్యడం ఎలాగో చెప్పండి. చెప్పలేకపోతే మీరే కోసెయ్యండి, ఇప్పుడే" అంటూ జడ ముందుకు వేసుకుంది. నడుము దాటి, పిడికిట్లో పట్టనంత ఒత్తుగా ఉన్న జడ.

దాని సంగతి పాఠానికి వచ్చే అందరికీ తెలుసు. కూతురు హైమ నాలుగో తరగతిలో ఉండగా టైఫాయిడ్ వచ్చి ఆసుపత్రి మంచం మీద కళ్ళు తెరవకుండా పడి ఉంటే, పిల్ల దక్కితే తలనీలాలిస్తానని వల్లి కొండమీది స్వామికి మొక్కుకుంది. పిల్ల దక్కింది. కానీ అన్నాళ్ళ తిండిలేమికీ, దిగులుకీ వల్లి జుట్టు ఊడిపోయి ఎలకతోకంత మిగిలింది. మొక్కు తీర్చుకు వద్దాం పదమని అత్తగారు అంటే వల్లికి మనసొప్పలేదు. ఎటూ రాలిపోయేదాన్ని స్వామి మొహాన కొట్టినట్టుంటుందని ఏడ్చింది. అలా ఏడుస్తూనే మొదటిసారి శేషమాంబ గారి గడప తొక్కింది. "అయితే పెంచి ఇవ్వు. నీది కాదనుకుని పెంచు" అన్నారావిడ.

పెంచడం కూడా ఆవిడే నేర్పాల్సి వచ్చింది. వల్లి తొందర అంతా ఇంతా కాదు మరి! ఎవరేం చెబితే అది, గోరింటాకూ కోడిగుడ్డూ ఉల్లిరసమూ మెంతిపిండీ, అన్నీ ఒక్క వారంలోనే తలకు పట్టించి, మాడు మండిపోయి లబోదిబోమంటూ వచ్చింది. "అది తలా, పచ్చడి రోలా?" అని శేషమాంబ గారు కసిరి, ఒక్కటొక్కటే మాన్పించారు. కొబ్బరినూనె గోరువెచ్చగా కాచి వేళ్ళ కొసలతో మాడుకు మెల్లగా రాసుకోమన్నారు. వారానికోసారి కుంకుడురసంతో తలంటు చాలన్నారు. తడి తలను తువ్వాలుతో బాదకుండా పాత చీరముక్కతో అద్ది, నీడన ఆరబెట్టుకోవాలి. చిక్కు పడితే పైనుంచి లాగకూడదు, కొసల దగ్గర మొదలుపెట్టి పాయ పాయా విడదీసుకుంటూ పైకి రావాలి. చిట్లిన కొసలు మొహమాటపడకుండా కత్తిరించాలి. అన్నిటికన్నా ముందు, వేళకు కడుపునిండా తినాలి. వల్లి దాన్నొక పూజలా చేసింది. ముందు రాలడం తగ్గింది, తర్వాత పాపిట పక్కన పలచబడ్డ చోటు నిండింది, ఆ తర్వాతెప్పుడో ఆమె గమనించకుండానే జడ వీపు దాటింది.

అక్కడ మొదలైంది తంటా. పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు "సవరం పెట్టావా వల్లీ?" అని జడ పట్టుకుని మరీ చూసేవారు. సొంత జుట్టేనని తేలాక వాళ్ళ మొహాలు చూడాలి! మొక్కు మాటెత్తితే, మరిది పెళ్ళి ముందుంది, గుండుతో ఎలా తిరగను అనేది. మరుసటి ఏడు ఎండలు ముదిరాయనేది. ఆ పై ఏడు, ఇంకొక్క జానెడు పెరగనీ, ఇచ్చేదేదో నిండుగా ఇస్తాననేది. చూస్తూండగానే హైమ పదో తరగతికి వచ్చింది. ఇప్పుడు ఆ హైమకు మళ్ళీ జ్వరం.

"డాక్టరు భయం లేదంటున్నాడమ్మా, కానీ నాకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదు" అంది వల్లి. "స్వామి సొమ్ము దాచుకున్నాను. అందుకే మళ్ళీ పిల్ల మీద పడ్డాడు. పోనీ కోసేద్దామని కత్తెర తీస్తే చెయ్యి రావడం లేదు. అవతల కన్నకూతురు మూలుగుతుంటే ఈ వెంట్రుకల మీద నా చెయ్యి రావడం లేదు. నేనేం తల్లినమ్మా?"

శేషమాంబ గారు స్వామిని వెనకేసుకు రాలేదు, వల్లిని తప్పు పట్టనూ లేదు. కత్తెర తీసి తన పీట కింద పెట్టుకున్నారు. "నూనె గిన్నె తెచ్చి నా తలకు రాయి" అన్నారు.

ఆవిడ ఎన్నడో సన్యాసం పుచ్చుకున్న మనిషి. నున్నటి గుండు. ఇదేం వేళాకోళమని వల్లికి ఒళ్ళు మండింది, అయినా గురువు మాట కాదనలేక రాయసాగింది. కాసేపటికి ఉండబట్టలేక, "వెంట్రుకే లేనిదానికి నూనెందుకమ్మా?" అంది.

"తలకు రాయమన్నాను. వెంట్రుకలకు రాయమన్నానా?" అన్నారావిడ కళ్ళు మూసుకునే. ఆ వెంటనే, "హైమ తలకు నూనె రాసి ఎన్నాళ్ళయిందే?" అని అడిగారు.

వల్లి చేతులు ఆగిపోయాయి. ఎంత తలుచుకున్నా ఆమెకు గుర్తు రాలేదు.

ఇంటికి వెళ్ళేసరికి అత్తగారు పిల్ల నుదుటి మీద తడిగుడ్డ మారుస్తోంది. వల్లి తను కూర్చుంటానని ఆమెను లేపి పంపింది. హైమ జుట్టు రబ్బరుబ్యాండులో ఉండ కట్టి, తలగడకు రాసుకుని పీచులా అయిపోయింది. చెయ్యి వేస్తే, "వద్దమ్మా, నొప్పి" అని పిల్ల తల తిప్పుకుంది. "నొప్పెట్టదు తల్లీ, కొసల నుంచి తీస్తాను" అంటూ వల్లి ఒక్కొక్క పాయే చేతిలోకి తీసుకుంది. పలచగా, గడ్డిలా ఎండిపోయిన జుట్టు. చిన్నప్పుడు ఆదివారం వచ్చిందంటే దువ్వెన పట్టుకుని గుమ్మంలో నిలబడేది హైమ. ఉండవే, నా తల ఆరనీ, అని తను ఎన్నిసార్లు తోలేసిందో! తోలగా తోలగా పిల్ల దువ్వెన దాచేసి రబ్బరుబ్యాండు నేర్చుకుంది. ఎవరి ప్రాణం కోసం మొక్కిందో ఆ పిల్లను వదిలేసి, మొక్కును పెంచుకుంటూ కూర్చుంది తను. అది వల్లికి అప్పుడు తెలిసింది. కళ్ళనీళ్ళు పడుతున్నా తుడుచుకోకుండా చిక్కు తీస్తూనే ఉంది. ఆఖరి పాయ విడిపోయాక చెయ్యి తీయబోతే, "ఆపకమ్మా, ఇంకాసేపు" అంది హైమ, సగం నిద్రలో.

డాక్టరు చెప్పినట్టే జ్వరం తగ్గింది. పిల్ల ఒంట్లోకి కాస్త సత్తువ వచ్చాక తల్లీకూతుళ్ళు కొండకు వెళ్ళారు. కల్యాణకట్టలో కత్తి పట్టినామె ఆ జడ చూసి, "మూడు కత్తెరలేనా అమ్మా?" అని అడిగింది. కొసలు మూడుసార్లు కత్తిరించినా మొక్కు చెల్లిందనుకుని వెళ్ళే ఆడవాళ్ళు బోలెడుమంది. "గుండే తల్లీ" అంది వల్లి. తల తడిపి, కత్తి పెట్టి, పాయలు ఒళ్ళో పడుతుంటే ఆ కత్తి పట్టినామే, "ఎంత జుట్టమ్మా, అయ్యో!" అని నొచ్చుకుంది. వల్లి చూపు ఒళ్ళోకి పోలేదు. ఎదురుగా గోడకు ఆనుకుని నిలబడ్డ హైమ మీదే ఉంది. "కాస్త తొందరగా కానీ తల్లీ, పిల్ల పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు" అంది.

తిరిగి వచ్చాక గంధం పూసిన గుండుతో సాయంత్రం పాఠానికి వెళ్ళింది. శేషమాంబ గారు ఆ తల వంక ఒకసారి చూసి పాఠం సాగించారు. అందరూ లేచి వెళ్ళాక వల్లి దగ్గరగా జరిగి, "ఇచ్చేశానమ్మా. ఎలా ఇచ్చానో మాత్రం నాకే తెలియలేదు" అంది.

ఆవిడ వంగి, పీట కింద నుంచి కత్తెర తీసి వల్లి చేతిలో పెట్టారు.

"ఇది తీసుకెళ్ళు. పిల్ల జుట్టు కొసలు చిట్లిపోయి ఉంటాయి."