కప్పు తెరుచుకునే ఉంగరం

అనగనగా, ఉప్పుగాలి వీచే ఒక రేవు ఊళ్ళో ముగ్గురు తోబుట్టువులు ఉండేవాళ్ళు తల్లీ. వాళ్ళు యూదులు. అన్న నఫ్తాలి, నడిమిది సిప్పోరా, తమ్ముడు ఆషేరు. ముగ్గురూ ఒకే కొలిమి దగ్గర కూర్చుని తమవాళ్ళ పెళ్ళిళ్ళకి బంగారు ఉంగరాలు చేసేవాళ్ళు.

మామూలు ఉంగరాలు కావు. ఒక్కోదాని మీద గోరంత ఇల్లు. ఆ ఇంటికి తెరుచుకునే కప్పు. నఫ్తాలి కింది చుట్టు చేసేవాడు. ఆషేరు ఇల్లు కట్టేవాడు. సిప్పోరా కప్పు లోపల దీవెన అక్షరాలు చెక్కేది.

ఒక్క కట్టుబాటు ఉండేది. ఆ ఉంగరంలో రాయి పెట్టకూడదు. రాయి వెల ఎంతో చూడగానే చెప్పడం అందరి వల్లా కాదు కదా. పెళ్ళికూతురు తన చేతికి వస్తున్నది ఎంతటిదో తెలిసే ఒప్పుకోవాలి. అందుకని ఉత్త బంగారమే.

సిప్పోరాకి ఒక్కతే కూతురు, హదస్సా. దాని నాన్న ఒబేదు పడవల మీద తిరిగేవాడు. ఒకసారి కందిగింజంత కెంపు తెచ్చి, ఇది పిల్ల పెళ్ళికి అన్నాడు. ఆ తర్వాత వెళ్ళిన పడవ తిరిగి రాలేదు.

సిప్పోరా ఏడవలేదు. మాటలు మాత్రం తగ్గిపోయాయి. కెంపుని కొంగున ముడేసుకుని తిరిగేది.

కొన్నేళ్ళకి హదస్సాకి పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకు ఉంగరం వీళ్ళనే చేసిపెట్టమన్నాడు. నఫ్తాలి పని అయింది, ఆషేరు పని అయింది. సిప్పోరా అక్షరాలు చెక్కింది. చెక్కాక కొంగు ముడి విప్పింది. ఆ చిట్టి ఇంటి నేలకి చిన్న చిల్లు తొలిచి, కెంపుని అందులో కూర్చోబెట్టి, కప్పు మూసేసింది.

పిల్ల పెళ్ళిలో తండ్రి ఉండాలి కదా అనుకుంది. అంతే.

ఆ తర్వాత నఫ్తాలి ఉంగరాన్ని త్రాసులో వేశాడు. బరువు కాస్త తేడాగా తోచింది. చెల్లెలి వైపు చూశాడు. ఆమె కొలిమి ఊదుకుంటోంది. ఉంగరాన్ని త్రాసులోంచి తీసి తమ్ముడికి అందించేశాడు.

ఆ తర్వాత ఆషేరు కప్పు ఎత్తి చూశాడు. చూసి, మళ్ళీ మూయబోతే సరిగ్గా పడలేదు. ఆకురాయితో అంచు కొంచెం గీకి పడేలా చేశాడు.

మూడోసారి చూసింది ఎల్యాకీము తాత. పెళ్ళి జరిపించే పెద్దాయన. పందిట్లో అందరి ముందూ కప్పు తెరిచాడు. లోపల ఎర్రగా మెరిసింది.

"దీని వెల ఎంత నాయనా?" అని పెళ్ళికొడుకుని అడిగాడు.

పాపం, వాడికి రాయి ఉందన్న సంగతే తెలియదు. తాత ఉంగరాన్ని పళ్ళెంలో పెట్టేశాడు. ఈ పని చేసేవాళ్ళ ఇంట్లోనే ఇదేం చోద్యమని పెళ్ళికొడుకు తల్లి పక్కావిడతో అంది. అందరికీ వినపడేలాగే అంది.

సిప్పోరా పళ్ళెం దగ్గరికి వచ్చింది.

"నేనే పెట్టాను," అంది. "మావాళ్ళకి తెలియదు."

"తెలుసక్కా," అన్నాడు ఆషేరు. "బావని బయటికి తియ్యడానికి నాకు చెయ్యి రాలేదు."

నఫ్తాలి, త్రాసు తనకీ చెప్పిందంటూ తల దించుకున్నాడు.

తాత కోప్పడలేదు. రాయి తీసేస్తే ఉంగరం పనికొస్తుందన్నాడు. ఆషేరు పట్టకారు తెచ్చాడు గానీ, పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అప్పుడు సిప్పోరా అందుకుంది. తను పెట్టింది తనే తీసింది.

చిట్టి ఇంటి నేలకి చిల్లు మిగిలిపోయింది.

పెళ్ళికొడుకు ఆ ఉంగరాన్నే హదస్సా కుడిచేతి చూపుడువేలికి తొడిగాడు. ఆ పిల్ల కప్పు ఎత్తి లోపలికి చూసింది.

"అమ్మా, ఇలా రా. నాన్న ఉన్నచోట నా వేలు కనపడుతోంది."

అప్పుడు ఏడ్చింది సిప్పోరా. అన్నేళ్ళకి. పెళ్ళంతా అయ్యేదాకా కెంపుని గుప్పిట్లోంచి వదల్లేదు. ఇంటికెళ్ళి గుప్పిట తెరిస్తే, అరచేతిలో కందిగింజంత గుంట.

ఆ తర్వాత ముగ్గురూ చేసిన ప్రతి ఉంగరంలోనూ, ఇంటి నేలకి సిప్పోరా ఒక చిన్న చిల్లు పెట్టేది. కప్పు ఎత్తితే పెళ్ళికూతురి వేలు కనపడాలని.

ఊఁ కొట్టడం మానేశావే. సరే, పడుకో.

కథేమో కంచికి చేరింది,
కెంపేమో గుప్పిట దూరింది,
చిట్టింటి చిల్లులోంచి నిద్దర
మనింటి మంచానికి జారింది.