చేప ఒంటి మీద చెల్లని నాణేలు

ఒకప్పుడు చేపలకు పొలుసులు ఉండేవి కావు. పెంకు ఒలిచిన ఉడకబెట్టిన గుడ్డులా నున్నగా, మెత్తగా ఉండేవి. చూడ్డానికి ముద్దుగానే ఉండేవి గానీ, ఆ బాధ చేపలకే తెలుసు. రాయి తగిలితే ఒళ్ళు గీరుకుపోయేది. పీత గిల్లితే రక్తం కారేది. ఇక జలగలకైతే రోజూ పండగే.

ఆ రోజుల్లో ఒక ఏటి ఒడ్డున, తాటాకింట్లో, నూకాలు అనే ఆవిడ ఉండేది. వలలు అల్లుకునేది, చేపలు పట్టి అమ్ముకునేది. నోరు మహా పెద్దది. ఆ నోటికి జడిసి గాలి కూడా ఆమె ఇంటి పక్కనుంచి ఒదిగి ఒదిగి వెళ్ళేదట. మనసు మాత్రం వెన్న.

ఒక వానాకాలం ఏరు పొంగి గట్టు విరిగింది. ఆ మట్టిలోంచి ఒక పాత కుండ దొర్లుకుంటూ వచ్చి నూకాలు గుమ్మం ముందు ఆగింది. మూత తీస్తే నిండా నాణేలు! ఒకవైపు ఓడ బొమ్మ, ఇంకోవైపు ఎవరికీ చదవరాని అక్షరాలు. నూకాలు ఎగిరి గంతేసింది. ఒడి నిండా పోసుకుని ఉప్పు కొట్టు అప్పలసామి దగ్గరికి పరిగెత్తింది.

అప్పలసామి ఒక నాణెం కొరికి చూశాడు.

"ఏ రాజుదమ్మా ఇది? ఆ రాజూ పోయాడు, ఆయన మునిమనవడూ పోయాడు. వీటికి చిటికెడు ఉప్పు కూడా రాదు, పట్టుకుపో!"

కొట్టు దగ్గరున్న వాళ్ళంతా పకపకా నవ్వారు. నూకాలుకు ఒళ్ళు మండింది.

"నీ కొట్లో చెల్లకపోతే ఏటి? నా ఇంట్లో చెల్లుతాయి!" అని విసురుగా వచ్చేసింది.

నిజంగానే చెల్లాయి. కుంటి పీట కాలి కింద రెండు పెడితే పీట కుదురుగా నిలబడింది. ఒకదాని అంచు రాతిమీద నూరి చేమదుంపల చెక్కు గీరుకుంది. ఒకటి నూనె బుడ్డికి మూతైంది. ఒకటి మేకపిల్ల మెడలో వేలాడింది. మిగతావాటికి చిల్లులు పొడిచి వల అంచుకు బరువులుగా కట్టింది. వల ఎంత చక్కగా మునిగేదో!

ఎండాకాలం వచ్చింది. ఏట్లో నీళ్ళు మోకాలి లోతుకు దిగిపోయాయి. చేపలు రాళ్ళకు రాసుకుని ఒళ్ళంతా పుళ్ళు పడ్డాయి, పుళ్ళ మీద జలగలు మూగాయి. రోజూ కొన్ని చచ్చి తేలేవి. ఏట్లో చేపలు లేకపోతే నూకాలు పొయ్యిలో పిల్లి లేవదు.

ఒకరోజు వలలో ముసలి బొచ్చె చేప పడింది. నూకాలు దాన్ని చేతుల్లోకి తీసుకుంది.

"ఏటే ఇది? ఒళ్ళంతా ఇలా హూనమైపోయిందేటే?"

"నన్ను పులుసు పెట్టెయ్యమ్మా. ఈ బతుకు కంటే నీ కుండే నయం," అంది బొచ్చె. "నా గురించి దిగుల్లేదు. మొన్న పుట్టిన పిల్లలున్నాయి. అవి ఈ ఎండాకాలం దాటవు. అదే నా ఏడుపు."

నూకాలుకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బొచ్చెను అటూ ఇటూ తిప్పి చూసింది. వీపు మీద ఒక్కచోట, నాణెమంత మేర, చర్మానికి గీత కూడా పడలేదు.

"ఇక్కడేమీ కాలేదేటే?"

"నీ వల నాణెం ఒకటి ఊడి, బురదతో నా వీపుకు అతుక్కుందమ్మా. నిన్ననే జారిపోయింది."

అంతే! నూకాలు పనసకాయ జిగురు తెచ్చింది. వల నుంచి నాణేలు తెంపి బొచ్చె ఒంటినిండా అతికించి నీళ్ళలో వదిలింది. బొచ్చె బుడుంగున అడుక్కి పోయింది.

"అయ్యో నా మతి మండా!" అని నూకాలు దాన్ని పైకి లాగింది.

ఈసారి నాణేల్ని రోకలితో దంచింది. ఉల్లిపొర అంత పలచన అయ్యేదాకా దంచి, ముక్కలు చేసి, తల దగ్గర మొదలుపెట్టి తోక దాకా అతికించింది. బొచ్చె సర్రున ఈదగానే నీళ్ళు అంచుల కింద దూరి అన్నిటినీ లేపేశాయి.

నూకాలు నడుం మీద చేతులు పెట్టుకుని తన ఇంటి కప్పు వైపు చూసింది. తాటాకు ఎక్కణ్ణుంచి మొదలుపెట్టి కప్పుతారు? చూరు నుంచి! కింది వరస మీద పై వరస వస్తేనే నీళ్ళు జారిపోతాయి. ఇంకేం, తోక దగ్గర మొదలుపెట్టి తల దాకా వరసలు వరసలుగా కప్పింది. బొచ్చె మెరుస్తూ ఏరంతా చుట్టి వచ్చింది. కరవబోయిన జలగ మూతి పగిలింది.

"నా పిల్లలకీ..." అంది బొచ్చె.

"పిలు! అందర్నీ పిలు!"

తిండి మానేసి దంచింది నూకాలు. వల బరువులన్నీ పోయాయి. పీట మళ్ళీ కుంటిదైంది. మేకపిల్ల మెడ బోసిపోయింది. పని అంతా అయ్యాక, బురదలో నిద్రపోయిన జెల్ల చేప ఆవలిస్తూ వచ్చింది.

"నాకేదమ్మా?"

"ఇప్పుడా తెల్లారింది నీకు? కుండ బోర్లించేశాను!" అని అరిచింది నూకాలు. కానీ దాని మొహం చూసి జాలేసి, తెగిన వల దారాలు మూతికి అంటించింది. "ఇవిగో మీసాలు. బురదలో తడుముకుంటూ బతుకు, పో."

చేపలన్నీ దండం పెట్టాయి. "నీ నాణేలు తిరిగి ఎప్పుడివ్వాలమ్మా?"

"ప్రాణం ఉన్నన్నాళ్ళూ ఉంచుకోండి. నా వల్లో పడ్డ రోజు నేనే తీసుకుంటాను."

వానలు పడ్డాయి. పిల్లలన్నీ బతికాయి. అప్పలసామి చేప కొనడానికి వచ్చినప్పుడు వేలికి ఒక పొలుసు అంటుకుంది. "చూసుకో నాయనా, ఆ రాజుగారి డబ్బే. నీ దగ్గర ఉప్పు రాలేదు, ఏట్లో ప్రాణాలొచ్చాయి," అంది నూకాలు. అప్పలసామి ఆ పొలుసునూ కొరికి చూశాడు.

కొన్నేళ్ళకు ముసలి బొచ్చె తనంతట తానే వచ్చి వల్లో పడుకుంది. "ఇవిగోనమ్మా, నీ నాణేలు."

నూకాలు దాని వీపు నిమిరింది. "ఇంకొన్నాళ్ళు ఉంచుకోవే," అని నీళ్ళలోకి వదిలేసింది.

అప్పటినుంచే చేపలకు పొలుసులు వచ్చాయి, జెల్లకు మీసాలు మిగిలాయి. చేపల్ని తోక నుంచి తలవైపే గీరుతాం, ఎందుకంటే నూకాలు కప్పింది అలాగే మరి. ఈసారి ఇంట్లో చేప తోమేటప్పుడు ఒక పొలుసు తీసి ఎండకు పెట్టి చూడండి. గుండ్రటి గీతలు కనిపిస్తాయి, అవి నాణెం అంచులు. ఓడ బొమ్మ మాత్రం కనిపించదు. దాన్ని చేప ఎప్పుడో ఓడలా దూసుకుపోవడానికి వాడేసుకుంది.